విమానంలో ఒంటి శుభ్రత: సెంటు కొడితే సరిపోదు

పన్నెండు, పద్నాలుగు గంటల విమాన ప్రయాణం చేసి దిగేసరికి మనిషి వాడిపోయి ఉంటాడు. ఎండలో తిరిగింది లేదు, దుమ్ము మీద పడిందీ లేదు, అయినా స్నానం చేసి మూడు రోజులైనట్టు ఉంటుంది ఒళ్లంతా. క్యాబిన్ గాలి మురికిది కాబట్టి అలా అవుతుందని చాలామంది అనుకుంటారు, కానీ ఇప్పటి పెద్ద విమానాల్లో తిరిగి వాడే గాలి హెపా ఫిల్టర్ల గుండా వస్తుంది, 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణాలను కూడా అవి 99.97 శాతం ఆపేస్తాయి. గాలి శుభ్రంగానే ఉంటుంది. దానిలో తేమే ఉండదు.

35 వేల అడుగుల ఎత్తులో బయట మైనస్ 50 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది, అంత చల్లటి గాలిలో నీటి ఆవిరి దాదాపు ఉండదు, ఆ గాలినే లోపలికి లాగి మనకు తగ్గ వేడికి తెచ్చి వదులుతారు. అందుకే క్యాబిన్‌లో తేమ మామూలుగా 10 నుంచి 20 శాతమే. ఆ కాస్త కూడా చాలావరకు తోటి ప్రయాణికుల ఊపిరి నుంచీ చర్మం నుంచీ వచ్చిందే (ఆలోచిస్తే కాస్త ఇబ్బందిగానే ఉంటుంది).

ఈ పొడిగాలికి చర్మం పైపొరలోని నీరు ఎగిరిపోతుంది, నూనె గ్రంథులు మాత్రం వాటి పని ఆపవు. ముఖం ఒకపక్క బిగుసుకుపోయి, మరోపక్క జిడ్డుగా ఉండేది అందుకే. జిడ్డు పోవాలని మాటిమాటికీ సబ్బుతో కడిగితే ఇంకా ఎండుతుంది. నీళ్ల స్ప్రే కొట్టుకుంటే చల్లగా ఉంటుంది కానీ ఆ నీరు నిమిషాల్లో ఆరిపోతుంది. తడి ఆరకముందే మాయిశ్చరైజర్, పెదాలకు పల్చగా వాజెలిన్ రాస్తే చాలు.

ఇక కంపు సంగతి. అప్పుడే పట్టిన చెమటకు దాదాపు వాసన ఉండదు. చంకల్లోని కొన్ని గ్రంథులు వదిలే ద్రవాన్ని అక్కడి బ్యాక్టీరియా విడగొట్టినప్పుడు ఆ ఘాటు పుడుతుంది. క్యాబిన్ ఎంత పొడిగా ఉన్నా చంకల్లో, బూట్లలో తడి తడిగానే ఉంటుంది కాబట్టి అక్కడ వాటికి పండగే. పాలియెస్టర్ చొక్కా ఈ వాసనను కాటన్ కంటే బాగా పట్టుకుంటుంది. అందుకని సెంటు కొట్టుకోవడం కంటే తడి టిష్యూతో చంకలు తుడిచి, ఆరనిచ్చి, లోపలి బనియన్ మార్చుకోవడం ఎంతో నయం. చెమట మీద సెంటు కొడితే రెండు వాసనలూ కలిసి పక్క సీటు వాళ్ల ప్రాణం తీస్తాయి, పాపం వాళ్లు లేచి ఎక్కడికీ పోలేరు కూడా. చెమటను ఆపే యాంటీపర్స్పిరెంట్ వాడేవాళ్లు ముందురోజు రాత్రే రాసుకోవడం మంచిది. దానిలోని అల్యూమినియం లవణాలు చెమట నాళాలను మూయాలంటే చర్మం పొడిగా ఉండాలి.

నోరు తెరుచుకుని నిద్రపోతే లాలాజలం ఎండిపోతుంది, నాలుక వెనక గాలి తగలని చోట ఉండే బ్యాక్టీరియా కంపుకొట్టే గంధకపు వాయువులు వదులుతాయి. బ్రష్ చేసేటప్పుడు నాలుక కూడా గీసుకోండి, పుక్కిలించడానికి మాత్రం టాయిలెట్ కుళాయి నీళ్లు కాకుండా సీసా నీళ్లు వాడండి. చాలా విమానాశ్రయాల్లో ద్రవాలకు 100 మిల్లీలీటర్ల పరిమితి ఉంది, పేస్టు ట్యూబుకూ అదే లెక్క.

ఇదంతా దిగేముందు టిఫిన్ ఇవ్వకముందే కానిచ్చేయాలి, తర్వాత టాయిలెట్ దగ్గర క్యూ కదలదు. సాక్సు మార్చుకునేది మాత్రం సీట్లోనే, టాయిలెట్‌లో వట్టికాళ్లతో నిలబడి కాదు, అక్కడ నేల మీద కనిపించే తడి నీళ్లేనని నమ్మకం లేదు.