కొల్లేరు: ఐదో కాంటూరుకు, మూడో కాంటూరుకు మధ్య

ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే దారిలో, నడి కొల్లేట్లో ఎవరినైనా ఆపి ‘సరస్సు హద్దు ఎక్కడండీ?’ అని అడిగి చూడండి. చేయి చాపి చూపించేవాళ్లు తక్కువ. ‘ఐదో కాంటూరు దాకా’ అంటారు. కాంటూరు అంటే సముద్రమట్టం కంటే నేల ఎన్ని అడుగుల ఎత్తులో ఉందన్న లెక్క. కొల్లేరు పళ్లెంలా చదునైన చోటు కాబట్టి ఇక్కడ అడుగు తేడా అంటే కిలోమీటర్ల తేడా. ప్లస్ 10 దాకా, అంటే పదో కాంటూరు దాకా కొలిస్తే సరస్సు 901 చదరపు కిలోమీటర్లు. ప్లస్ 5 దాకా అయితే 308. ప్లస్ 3కి దిగితే 135. రెండడుగులు తగ్గిస్తే సగానికి పైగా సరస్సు కాగితం మీద నుంచి లేచిపోతుంది. కొల్లేరు రాజకీయం ఏళ్ల తరబడి ఈ రెండడుగుల చుట్టూనే తిరుగుతోంది.

మొదట్లో సర్కారుకు కొల్లేరంటే ముంపు, అంతే. పైనుంచి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వచ్చి పడతాయి. కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు కాల్వలూ ఇందులోకే. బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. అదీ వంకర్లు తిరుగుతూ 60 కిలోమీటర్లకు పైగా పోయి సముద్రంలో కలవాలి. 1960ల వరదల తర్వాత కేంద్రం మిత్రా కమిటీని వేసింది. 1968లో డెల్టా రైతుల మీద డ్రైనేజీ సెస్సు చట్టం వచ్చింది. నీటిని ఎంత తొందరగా సముద్రానికి పంపేస్తే అంత మేలన్నదే అప్పటి ఆలోచన. వలస పక్షుల ఊసు ఆ లెక్కల్లో లేదు.

లంక గ్రామాల వాళ్లది అప్పట్లో తాటి దోనెల మీద, మావులతో (నీళ్లలో పెట్టే చేపల ఉచ్చులు), వలలతో చేపల వేట. ఎండాకాలం నీరు వెనక్కి తగ్గితే బయటపడిన నేలలో ఒక వరి పంట. వరద ముందొస్తే అదీ ఉండదు. 1970ల మధ్యలో ప్రభుత్వమే మత్స్యకారులతో సొసైటీలు పెట్టించి, సరస్సు భూమిలో చేపల చెరువులు తవ్వుకోమంది. పేదవాడి ఆదాయానికి అదొక మార్గమనుకున్నారు. తప్పుపట్టలేం. కానీ చుట్టూ గట్టు పోసిన చెరువు మావు లాంటిది కాదు. దానికి పెట్టుబడి కావాలి, సీడు (చేప పిల్లలు) కావాలి, మేత కావాలి. అవన్నీ ఉన్నవాళ్లు లీజులకు దిగారు. 1990లు వచ్చేసరికి సొసైటీ పేరు ఒకరిది, చెరువు ఇంకొకరిది. బొచ్చె, శీలావతి లారీలకెక్కి కలకత్తా పోతుంటే, వేటకు పోయేవాడు గట్టు మీద కూలీ అయ్యాడు.

అప్పుడు ప్రభుత్వానికి పక్షులు గుర్తొచ్చాయి. 1999 అక్టోబరు 4న జీవో 120 వెలువడింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ప్లస్ 5 దాకా ఉన్న ప్రాంతమంతా అభయారణ్యం. సంప్రదాయ చేపల వేట చేసుకోవచ్చు, చెరువులు కూడదు. తవ్వమన్నదీ ప్రభుత్వమే, తవ్వితే నేరమన్నదీ ప్రభుత్వమే. పైగా ఆ గీత లోపల దాదాపు 15 వేల ఎకరాలు జిరాయితీ, అంటే తాతల నాటి పట్టా భూములు. 2002 ఆగస్టులో కొల్లేరు రామ్‌సర్ జాబితాకెక్కింది; అది ప్రపంచ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితా. అక్కడ రాసిన విస్తీర్ణం 90,100 హెక్టార్లు, అంటే ప్లస్ 10 లెక్క. ప్రపంచానికి చెప్పిన కొల్లేరు, ఊళ్లో కాపాడతామన్న కొల్లేరుకు మూడింతలు!

జీవో ఉన్నా చెరువులు పెరుగుతూనే పోయాయి. చివరికి వ్యవహారం సుప్రీంకోర్టుకు, అది వేసిన కేంద్ర సాధికార కమిటీకి చేరింది. 2006లో, వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా, ‘ఆపరేషన్ కొల్లేరు’ జరిగింది. పొక్లెయిన్లు వరసగా గట్లు తెంచుకుంటూ పోయాయి. పెరిగీ పెరగని చేప నీళ్లతో పాటు కొట్టుకుపోయింది. సర్కారు ఒక సరస్సును ఇంత పెద్దయెత్తున ఖాళీ చేయించడం నాకు తెలిసి మన దగ్గర అరుదు. కూలిన గట్ల పక్కన పనిలేక కూర్చున్న కుటుంబాలకు ఏం చేశారన్న ప్రశ్నకు మాత్రం ఈనాటికీ తిన్నని జవాబు దొరకదు.

రెండేళ్లు తిరిగేసరికి గాలి మళ్లింది. 2008లో శాసనసభ, అభయారణ్యాన్ని ప్లస్ 3కి కుదించమని తీర్మానించి కేంద్రానికి పంపింది. గట్లు తెంచింది, తీర్మానం చేసింది ఒకే ప్రభుత్వ హయాంలో. కేంద్రం పర్యావరణ శాస్త్రవేత్త అజీజ్ నాయకత్వాన కమిటీ వేసింది. ప్లస్ 5ను కదపొద్దని ఆ కమిటీ చెప్పేసింది. ఆ తర్వాత ఎన్నికలొచ్చినప్పుడల్లా కాంటూరు కుదింపు హామీ వినపడుతూనే ఉంది. ఈలోగా తెగిన గట్లు చాలాచోట్ల మళ్లీ లేచాయి.

గట్టు ఎక్కువైతే ఏమవుతుందో చూడాలంటే వానాకాలం పెదఎడ్లగాడి వంతెన దగ్గర నిలబడాలి. సరస్సు నీరు ఉప్పుటేరు వైపు సాగాల్సిన ఇరుకు దారి అది. ఖానాలకు గుర్రపు డెక్క అడ్డం పడి చాపలా పేరుకుంటుంది. దాన్ని తీయడానికి యంత్రాలు దించుతారు. పైన నీరు మెల్లగా లేచి చినఎడ్లగాడి దగ్గర రోడ్డెక్కుతుంది, కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడికి పోయే దారి మునుగుతుంది. 2024 సెప్టెంబరులో బెజవాడ సింగ్‌నగర్‌ను ముంచిన బుడమేరు నీరు దిగాల్సిందీ ఈ సరస్సులోకే. ఆ వరద అప్పటిదాకా ఐదో కాంటూరు గొడవ లంక గ్రామాలదే అనుకున్న పట్నం వాళ్లకు గట్టి దెబ్బే.

2025లో సుప్రీంకోర్టు మళ్లీ కదిలించింది. సాధికార కమిటీ కొల్లేరు వచ్చి వినతులు తీసుకుంది. ఐదో కాంటూరును అలాగే ఉంచమన్నవాళ్లు ఒకవైపు, మూడుకు దించమన్నవాళ్లు ఇంకోవైపు. జిరాయితీ రైతులు అడుగుతున్నది ఇంకా చిన్నది: మా భూమి గీత లోపల ఉంటే దానికి డబ్బు కట్టండి, బయట ఉంటే సాగు చేసుకోనివ్వండి. 1999 నుంచి వాళ్లు అడుగుతున్నది అదే.