రాజుగారు తాకితే జబ్బు పోతుందట: నాయకుల మీద కొండంత ఆశకు చరిత్ర

హెర్బర్ట్ హూవర్ 1928 ఎన్నికల్లో గెలిచి, అమెరికా అధ్యక్షుడిగా ఇంకా ప్రమాణం చేయకముందు ఒక పత్రికా సంపాదకుడి దగ్గర తన భయం బయటపెట్టారు. పదవిలో ఉండే రోజువారీ పని గురించి తనకు బెంగ లేదన్నారు. జనం తనను ఏదో మానవాతీతుడిగా ఊహించుకుంటున్నారని, ఎంతటి చిక్కుముడైనా విప్పేస్తాడని నమ్ముతున్నారని, అదే తన టెన్షన్ అని చెప్పుకున్నారు. రేపు దేశం మీద ఎన్నడూ చూడని ఆపద వచ్చిపడితే, అతిగా ఆశపడ్డ జనం నిరాశకు తాను బలైపోతానని కూడా అన్నారు.

1929 మార్చి 4న ఆయన కుర్చీ ఎక్కారు. అక్టోబరులో స్టాక్ మార్కెట్ కుప్పకూలింది.

నాయకుల నుంచి జనం మరీ ఎక్కువ ఆశిస్తారన్న మాట పాతదే. ఆ తప్పంతా జనం మీదకే తోసేయడం కూడా పాత అలవాటే. కానీ వెనక్కి వెళ్లి చూస్తే కథ ఇంకోలా కనిపిస్తుంది. ఆ ఆశను జనం తమంతట తాము పెంచుకున్నది కొంతే. మిగతాది పాలకులు నాటి, నీళ్లు పోసి పెంచింది.

ఇంగ్లండ్, ఫ్రాన్స్ రాజులనే తీసుకోండి. మెడ దగ్గర గడ్డలు కట్టే ఒక రకం క్షయ జబ్బును రాజు చేత్తో తాకితే నయమవుతుందని అక్కడ వందల ఏళ్లపాటు నమ్మారు. ఆ జబ్బుకు ‘రాజుగారి జబ్బు’ అనే పేరే పడింది. ఇది పల్లెజనం గుడ్డి నమ్మకం అనుకుంటే పొరపాటు. రాజదర్బారే తేదీలు ప్రకటించేది, రోగులను వైద్యులు ముందుగా పరీక్షించేవారు, టికెట్లు ఇచ్చేవారు, తాకించుకున్నవారి మెడలో రాజు బంగారు నాణెం వేసేవాడు. తండ్రి తల నరికించిన దేశానికే తిరిగి వచ్చి 1660లో ఇంగ్లండ్ గద్దెనెక్కిన రెండో చార్లెస్‌కు ఈ తంతు బాగా అక్కరకొచ్చింది. నేను మామూలు మనిషిని కాదు, దేవుడు పంపినవాడిని అని చాటుకోవడానికి ఇంతకంటే మంచి దారి ఏముంటుంది? తన పాలనలో ఆయన 90 వేల మందికి పైగా రోగులను తాకాడు. 1684లో టికెట్ల కోసం వైద్యుడి గుమ్మం దగ్గర జరిగిన తొక్కిసలాటలో ఆరేడుగురు చచ్చిపోయారని ఆనాటి ఒక డైరీలో ఉంది.

తర్వాత వచ్చిన మూడో విలియంకు ఇదంతా నచ్చలేదు. తాకమని పట్టుబట్టిన ఒక రోగితో ‘దేవుడు నీకు మంచి ఆరోగ్యాన్ని, ఇంకాస్త బుద్ధిని ఇవ్వాలి’ అన్నాడని చెబుతారు. నిజం చెప్పిన పాలకుడికి మెప్పు దక్కలేదు, నిష్ఠూరమే మిగిలింది. 1712లో ఆన్ రాణి మళ్లీ తాకుతున్న రోజుల్లో రెండున్నరేళ్ల ఒక పిల్లవాణ్ని తల్లి లండన్ తీసుకొచ్చింది. ఆ పిల్లవాడే తర్వాత నిఘంటువు రాసి పేరు తెచ్చుకున్న శామ్యూల్ జాన్సన్. జబ్బు నయం కాలేదు, శస్త్రచికిత్స మచ్చలు ఆయన ముఖం మీద, మెడ మీద ఉండిపోయాయి. రాణి ఇచ్చిన నాణేన్ని మాత్రం బతికినంత కాలం దగ్గర పెట్టుకున్నాడు. మంత్రాలకు చింతకాయలు రాలవని తెలిశాక కూడా మంత్రం వేసినవారి మీద మనసు పోదన్నమాట.

ఫ్రాన్స్‌లో ఈ తంతు మరీ ఆలస్యంగా ముగిసింది. విప్లవం వచ్చి వెళ్లాక కూడా 1825లో పదో చార్లెస్ పట్టాభిషేకం చేసుకుని నూరు మందికి పైగా రోగులను తాకాడు. ఐదేళ్లకే, 1830లో జనం అతణ్ని గద్దె దించారు.

తూర్పున లెక్క ఇంకా కఠినం. చైనాలో చక్రవర్తికి ఆకాశం ఆజ్ఞ ఇస్తుందని, వరదలు, కరువులు, భూకంపాలు వస్తే ఆ ఆజ్ఞ జారిపోతున్నట్టని భావించేవారు. క్రీస్తుపూర్వం 178లో సూర్యగ్రహణం పడితే హాన్ వంశపు వెన్ చక్రవర్తి లోపం తనదేనని ఒప్పుకుంటూ ఆజ్ఞాపత్రం వెలువరించాడు. గ్రహణానికి సంజాయిషీ! మన దగ్గరా ఇదే ధోరణి. మహాభారతం శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకు చెప్పేది ఇదే: కాలం రాజుకు కారణమా, రాజు కాలానికి కారణమా అన్న అనుమానమే పెట్టుకోవద్దు, రాజే కాలానికి కారణం. రామరాజ్యంలో నెలకు మూడు వానలు కురిసేవని ఇప్పటికీ చెప్పుకుంటాం. వాన పడినా రాజే, పడకపోయినా రాజే.

రాజుల కాలం పోయి ఓట్ల కాలం వచ్చాక ఈ ఆశ తగ్గాలి కదా. తగ్గలేదు, పెరిగింది. రాజు నుంచి జనం వాన అడిగారు, న్యాయం అడిగారు. ఎన్నికైన నాయకుడి నుంచి వీటితోపాటు ఉద్యోగం, చదువు, వైద్యం, ధరల అదుపు కూడా అడగడం మొదలైంది. ఇవన్నీ అడగాల్సినవే. చిక్కు వేరే చోట ఉంది. 1787లో అమెరికా రాజ్యాంగం రాసినవారు ఒక్క మనిషి చేతిలో అధికారం పోగుపడకూడదని కావాలనే దాన్ని చట్టసభకు, కోర్టుకు, రాష్ట్రాలకు పంచిపెట్టారు. ఆ తర్వాత చాలా దేశాలు ఏదో ఒక రూపంలో ఇదే పని చేశాయి. అధికారం పది చేతుల్లోకి వెళ్లింది, ఆశ మాత్రం పోస్టర్ మీద కనిపించే ఒక్క ముఖం మీదే నిలిచింది.

మళ్లీ హూవర్ దగ్గరికి వద్దాం. ఆయనకు అంత పేరు ఊరికే రాలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఆక్రమణలో ఉన్న బెల్జియం ప్రజల ఆకలి తీర్చే సహాయ కార్యక్రమాన్ని నడిపారు. స్వతహాగా మైనింగ్ ఇంజినీరు, ఏ పనైనా లెక్కగా చేసే మనిషి. 1928లో 48 రాష్ట్రాలకు 40 రాష్ట్రాలు ఆయనకే పట్టం కట్టాయి. తన మీద ఆశలు ఎక్కువయ్యాయని సంపాదకుడి ముందు వాపోయిన ఈ పెద్దమనిషే, కొన్ని నెలల ముందు పార్టీ అభ్యర్థిత్వాన్ని స్వీకరిస్తూ, పేదరికం మీద అంతిమ విజయానికి అమెరికా మునుపెన్నడూ లేనంత దగ్గరగా ఉందని ప్రసంగించారు. పేదరికాన్ని దేశం నుంచి వెళ్లగొట్టే రోజు త్వరలో కనిపిస్తుందన్నారు. నిప్పు పెట్టిన చేత్తోనే పొగ వస్తోందని చెప్పినట్టుంది.

ఆర్థిక మాంద్యం ముదిరాక జనం పగ తీర్చుకున్న తీరు చూడండి. ఇళ్లు పోయినవారు రేకులతో, అట్టపెట్టెలతో కట్టుకున్న గుడిసెల వాడలకు ‘హూవర్‌విల్’ అని పేరు పెట్టారు. చలికి కప్పుకునే పాత వార్తాపత్రిక ‘హూవర్ దుప్పటి’. లోపలిది బయటికి తీసి వేలాడదీసిన ఖాళీ జేబు ‘హూవర్ జెండా’. ఆయన చేతులు ముడుచుకు కూర్చోలేదు, చేసినది చాలలేదు, కొన్ని నిర్ణయాలు చేటు కూడా చేశాయి. ప్రపంచమంతా ముంచుకొచ్చిన మాంద్యాన్ని ఒక్కడి ఖాతాలో రాయడం న్యాయమా అంటే కాదు. అయితే అంతకుముందు మంచిరోజుల ఘనతను ఆయన పార్టీ తన ఖాతాలో రాసుకున్నప్పుడు ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు. 1932లో ఆయనకు మిగిలినవి 6 రాష్ట్రాలు.

గెలిచిన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఆశను ఇంటింటికీ చేర్చారు. 1933 మార్చి 12 రాత్రి రేడియోలో, పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టుగా మూతపడ్డ బ్యాంకుల సంగతి వివరించారు. బ్యాంకులు తెరిచాక డబ్బు తీసుకోవడానికి కాకుండా తిరిగి దాచుకోవడానికి జనం వరుస కట్టారు. అధ్యక్షుడికి మొదటి వారంలోనే సుమారు 4.5 లక్షల ఉత్తరాలు వచ్చాయి. ఇల్లు వేలానికి పోతోందని, బిడ్డకు బూట్లు లేవని రాసేవారు. ఏలినవారికి అర్జీ పెట్టుకోవడం ఎప్పుడూ ఉన్నదే, కానీ ఇంట్లో గొంతు విన్న మనిషికి రాయడం వేరు.

కొత్త నాయకుణ్ని ‘మొదటి వంద రోజుల’తో కొలిచే అలవాటూ అక్కడిదే. ఆ వంద రోజుల్లో 15 ప్రధాన చట్టాలు వచ్చాయి. దేశం దివాలా అంచున ఉండి, చట్టసభ అడిగిందల్లా ఇచ్చిన రోజులవి. ఆ పరిస్థితిని వదిలేసి గడువును మాత్రం లోకమంతా అప్పు తెచ్చుకుంది. తమాషా ఏమిటంటే, అంతకుముందు ‘వంద రోజులు’ అంటే 1815లో నెపోలియన్ తిరిగొచ్చి, వాటర్లూలో ఓడి మళ్లీ పోయిన కాలం. ఇంత చేసినా 1940లోనూ అమెరికాలో నిరుద్యోగం 14 శాతం దగ్గరే ఉంది. దాన్ని పూర్తిగా తుడిచింది యుద్ధం.

వలస పాలన నుంచి బయటపడ్డ దేశాల్లో ఈ బరువు ఇంకా ఎక్కువ. ముందు రాజకీయ రాజ్యాన్ని సాధించండి, మిగతావన్నీ వాటంతటవే వస్తాయని ఘనాలో స్వాతంత్ర్యోద్యమ నాయకుడు క్వామే ఎన్‌క్రుమా చెప్పారు. 1957లో స్వాతంత్ర్యం వచ్చింది. మిగతావి రావాలంటే దేశం ఎగుమతి చేసే కోకో ధర నిలబడాలి, ఆ ధర ఆయన చేతిలో లేదు. 1960ల మధ్యలో అది పడిపోయింది. ప్రత్యర్థులను జైల్లో పెట్టి, ఒకే పార్టీ ఉంచడం మాత్రం ఆయన చేతిలోనే ఉంది, అది చేశారు. 1966 ఫిబ్రవరిలో ఆయన విదేశంలో ఉండగా సైన్యం కూలదోసింది. జనం వీధుల్లోకి వచ్చి సంబరం చేసుకున్నారు, విగ్రహాన్ని పడగొట్టారు. ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టినవారిలో అంబేద్కర్ ఒకరు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో ఆయన, మతంలో భక్తి మోక్షానికి దారి కావచ్చు గానీ రాజకీయాల్లో వ్యక్తిపూజ పతనానికి, చివరికి నియంతృత్వానికి దారి అని హెచ్చరించారు.

కుర్చీలో కూర్చున్నవారికి దాని బలం ఎంతవరకో తెలుసు. 1952లో పదవి దిగబోతున్న అమెరికా అధ్యక్షుడు హారీ ట్రూమన్, సైన్యాధిపతి ఐసెన్‌హోవర్ గెలిస్తే ఏమవుతుందో ఊహించి జాలిపడ్డారు. ‘ఇక్కడ కూర్చుని ఇది చెయ్యి, అది చెయ్యి అంటాడు, ఏమీ జరగదు, పాపం’ అన్నారట. ఈ మాట ఏ ఎన్నికల సభలోనూ ఎవరూ అనరు.

పరిశోధకులూ దీని వెంట పడ్డారు. 1985లో జేమ్స్ మైండల్, ఆయన సహచరులు దీనికి ‘నాయకత్వం మీద మోజు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఫలితం మరీ మంచిదైనా, మరీ చెడ్డదైనా దానికి నాయకుడే కారణమని అనుకోవడం మనుషుల అలవాటని వారి వాదన. మరో ఇద్దరు రాజకీయ శాస్త్రవేత్తలు 1916లో న్యూజెర్సీ తీరంలో నలుగుర్ని సొరచేపలు చంపిన ఉదంతాన్ని తవ్వి, ఆ తీర ప్రాంతాల్లో అధ్యక్షుడు విల్సన్‌కు ఓట్లు తగ్గాయని లెక్క చూపారు. ఆ లెక్కను తర్వాత వేరేవారు తప్పుబట్టారు, వివాదం తేలలేదు. గ్రహణానికి సంజాయిషీ చెప్పుకున్న వెన్ చక్రవర్తికి మాత్రం ఇందులో వింతేమీ కనిపించేది కాదేమో.

హూవర్ ఓడిపోయాక 31 ఏళ్లు బతికారు. 1946లో ట్రూమన్ ఆయన్ను పిలిచి, యుద్ధం తర్వాత కరువు అంచున ఉన్న దేశాలను చూసి రమ్మన్నారు. తిరిగొచ్చి ఆయన దేశాల వారీగా ధాన్యం లెక్కలు ఇచ్చారు. 1947 ఏప్రిల్ నుంచి జర్మనీలో అమెరికా, బ్రిటన్ అధీనంలోని ప్రాంతాల బడుల్లో సుమారు 35 లక్షల మంది పిల్లలకు రోజూ భోజనం పెట్టారు, ఒక్కొక్కరికి 350 కెలోరీలు. ఆ భోజనాన్ని అక్కడివాళ్లు ‘హూవర్ భోజనం’ అనే పిలిచారు.