వెచ్చదనం గదికా, మనిషికా?

2022 అక్టోబరు మొదటి తేదీన బ్రిటన్‌లో గ్యాసు, కరెంటు ధరలు మళ్లీ పెరిగాయి. ఒక మోస్తరు కుటుంబం ఏడాది బిల్లు ఎంత వరకు రావచ్చో అక్కడి నియంత్రణ సంస్థ ఒక పరిమితి ప్రకటిస్తుంది. 2021 అక్టోబరులో అది 1,277 పౌండ్లు. 2022 ఏప్రిల్‌లో 1,971. అక్టోబరుకు 3,549 కావలసింది, ప్రభుత్వం కల్పించుకుని 2,500 దగ్గర ఆపింది. ఆ శీతాకాలం నేను లెస్టర్‌లో, ఒకదానికొకటి ఆనుకుని వరసగా కట్టిన పాత ఇటుక ఇళ్లలో ఒకదానిలో, మరో నలుగురు తెలుగు విద్యార్థులతో కలిసి అద్దెకున్నాను.

మా గ్యాసు మీటరుకు ముందే డబ్బు కట్టాలి. ఒక ప్లాస్టిక్ కార్డు ఉండేది. దాన్ని వీధి చివర కొట్టుకు పట్టుకెళ్లి, పది పౌండ్లు వేయించి, తెచ్చి మెట్ల కింద మీటరులో గుచ్చాలి. హీటింగ్ వేసిన సాయంత్రం మీటరు తెర మీద అంకె మన కళ్ల ముందే తగ్గుతుంటుంది. ఆ అంకె చూసి ఒకరు ఆపితే, చలికి వణుకుతూ మరొకరు వేసేవారు. రోజూ అదే తగువు. కిటికీ చట్రం అడుగు మూలలో తడి చేరి, ఆవగింజలు చల్లినట్టు నల్లటి బూజు చుక్కలు మొలిచాయి. ఇంటి యజమానికి చెబితే కిటికీలు తెరిచి పెట్టుకోమన్నారు. డిసెంబరులో!

ఈ తగువు మా అయిదుగురిది మాత్రమే కాదు. గదిని వెచ్చబెట్టాలా, మనిషిని వెచ్చబెట్టాలా అన్న ప్రశ్నకు ఆ దేశం డెబ్బై ఏళ్ల కిందట ఒక సమాధానం ఎంచుకుంది. మేం కడుతున్నది దాని బిల్లే.

1950ల దాకా సామాన్య బ్రిటిష్ ఇంట్లో వెచ్చగా ఉండేది ఒకే ఒక్క గది. అందులో బొగ్గు పొయ్యి, దాని చుట్టూ కుటుంబం. పడక గదిలో కిటికీ అద్దాలకు లోపలి వైపే మంచు పేరుకునేది. ఇంట్లోనూ ఉన్ని బట్టలే. వేడి చేసిన ఇటుకను గుడ్డలో చుట్టి పక్కలో పెట్టుకునేవారు. పేదవాడి గ్యాసు మీటరు అప్పటికే ముందు డబ్బు అడిగేది. పెన్నీ నాణెం వేస్తే గ్యాసు వచ్చే మీటర్లు 1890లలోనే కార్మికుల ఇళ్లకు చేరాయి. నాణెం పోయి కార్డు వచ్చిందంతే.

మలుపు తిప్పింది పొగ. 1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు లండన్ మీద కమ్ముకున్న పొగమంచు నాలుగు వేల మందిని పొట్టన పెట్టుకుందని అప్పట్లో లెక్క వేశారు. తర్వాతి పరిశోధకులు ఆ సంఖ్యను పన్నెండు వేల దాకా తీసుకెళ్లారు. ఆ పొగలో పెద్ద భాగం ఇళ్ల పొయ్యిలదే. 1956లో స్వచ్ఛమైన గాలి కోసం చట్టం వచ్చింది, పొయ్యిలు మార్చుకోవడానికి సర్కారు సాయం చేసింది. 1965లో ఉత్తర సముద్రంలో గ్యాసు దొరికింది. 1967 నుంచి పదేళ్ల పాటు మనుషులు ఇల్లిల్లూ తిరిగి ప్రతి స్టవ్వునూ కొత్త గ్యాసుకు తగ్గట్టు మార్చారు. నీళ్లు కాచే బాయిలర్, దాని నుంచి గది గదికీ వేడినీళ్ల గొట్టాలు, ఆ వేడిని గదిలోకి వదిలే రేడియేటర్ గోడకొకటి వచ్చాయి. 1970లో శీతాకాలం ఇంటి లోపలి సగటు ఉష్ణోగ్రత దాదాపు 12 డిగ్రీలు. నలభై ఏళ్లలో అది 18కి దగ్గరయింది.

ఆ సుఖాన్ని నేను తక్కువ చేయను. మంచు పట్టిన గదిలో పసిపిల్లలను పెంచిన తల్లులకు ఆ రేడియేటర్ ఒక విముక్తి. కాని గ్యాసు చవకగా దొరికినన్నాళ్లూ గోడల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. సందుల్లోంచి వేడి కారిపోయే పాత ఇళ్లలోకే బాయిలర్లు వచ్చి కూర్చున్నాయి. చిల్లుల కుండలో నీళ్లు పోసినట్టయింది.

ఇదే కాలంలో సుఖానికి శాస్త్రం కూడా తయారయింది. 1941లో అమెరికన్ శాస్త్రవేత్తలు బట్టల వెచ్చదనానికి ‘క్లో’ అనే కొలమానం పెట్టారు. 21 డిగ్రీల గదిలో కూర్చున్న మనిషిని సుఖంగా ఉంచే సూటు వెచ్చదనం ఒక క్లో. 1970లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఫాంగర్ మనిషి సుఖాన్ని ఆరు అంశాలతో లెక్కగట్టాడు. గాలి వేడి, చుట్టూ ఉన్న గోడల వేడి, గాలి వేగం, తేమ, ఒంటి మీది బట్ట, చేసే పని. ఈ ఆరింటిలో చివరి రెండూ మనిషి చేతిలోవి. కాని గది వేడి ఎంత ఉండాలో నిర్ణయించేందుకు గోడకు బిగించిన థర్మోస్టాట్ మీద ఉండేది ఒకే అంకె. ఆఫీసులు, ఇళ్లు ఆ అంకెనే పట్టుకున్నాయి, బట్ట లెక్కలోంచి జారిపోయింది. ఈ కథలో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఈ జారిపోవడమే.

గుర్తు చేయడానికి ప్రయత్నించినవారు లేకపోలేదు. 1977 ఫిబ్రవరి 2న అమెరికా అధ్యక్షుడు కార్టర్ ఉన్ని స్వెటర్ వేసుకుని, మంట పక్కన కూర్చుని టీవీలో మాట్లాడాడు. ఇళ్లలో పగలు 65, రాత్రి 55 ఫారన్‌హీట్ డిగ్రీలకు, అంటే సుమారు 18, 13 సెల్సియస్ డిగ్రీలకు తగ్గించుకోమని కోరాడు. తర్వాత్తర్వాత ఆ స్వెటర్ లేమికి గుర్తుగా మిగిలిపోయింది.

ముప్పై ఏళ్ల తర్వాత కేంబ్రిడ్జ్ భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ మెకే తన ఇంటి మీటర్లను తానే క్రమం తప్పకుండా చదవడం మొదలుపెట్టాడు. అప్పటి వరకు ఆ ఇంట్లో గ్యాసు వాడకం రోజుకు సగటున 40 యూనిట్లు (కిలోవాట్ గంటలు). 2007 నాటికి 13కు దిగింది. కొత్త బాయిలర్ పెట్టాడు, గోడలకు వేడి నిలిపే పొర వేశాడు, థర్మోస్టాట్ తగ్గించాడు. లెక్క తేలికే. బయట 8 డిగ్రీలుండి లోపల 20 ఉంటే తేడా 12. లోపల 17 చాలనుకుంటే తేడా 9. వేడి బయటికి కారేది ఆ తేడాను బట్టే కనుక ఖర్చు నాలుగో వంతు తగ్గుతుంది.

ఇక మనిషిని మాత్రమే వెచ్చబెట్టే పద్ధతి చూడాలంటే కశ్మీర్ వెళ్లాలి. కాంగ్డీ అంటే పిడికెడు నిప్పులు పట్టే మట్టి పిడత, దాని చుట్టూ అల్లిన పుల్లల బుట్ట. ఫెరన్ అనే వదులైన పొడవాటి పైదుస్తు లోపల దాన్ని పొట్టకు దగ్గరగా పట్టుకుని తిరుగుతారు. అక్కడి చరారె షరీఫ్ పట్టణం కాంగ్డీలకు పెట్టింది పేరు. నిప్పు కోసం, రాలిన చినార్ చెట్టు ఆకులను కాల్చి చేసిన బొగ్గు కూడా వాడతారు. ఇంతకంటే చవక ఏముంటుంది? కాని 1866లోనే ఎల్మ్‌స్లీ అనే వైద్యుడు పొట్ట మీద, తొడల మీద వచ్చే చర్మ క్యాన్సర్‌కు ఈ నిప్పుల వేడితో సంబంధం ఉందని రాశాడు. మన లంబసింగి వైపు, ఆదిలాబాద్ వైపు చలికి వేసుకునే కుంపటి కూడా ఆరుబయట మేలే. తలుపులు మూసిన గదిలో అదే కుంపటి వాసన లేని, రంగు లేని కార్బన్ మోనాక్సైడ్‌తో నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పాతదంతా మంచిదని కళ్లు మూసుకుని నెత్తిన పెట్టుకోలేం.

నిప్పు లేకుండా అదే పని చేసేది వేడినీళ్ల సంచి. లీటరున్నర నీళ్లను 10 డిగ్రీల నుంచి 80 దాకా కాచడానికి పట్టే కరెంటు యూనిట్‌లో ఎనిమిదో వంతు. ఆ ఏటి అక్టోబరు ధరకు నాలుగు పెన్నీలు. రెండు కిలోవాట్ల హీటరు గంట సేపు తాగే కరెంటుతో పదహారు సంచులు నింపుకోవచ్చు. నీళ్లు మరుగు తగ్గాక పోయాలి, సంచి చుట్టూ గుడ్డ ఉండాలి. నేను ఇంటి నుంచి 23 కిలోల పెట్టెలో పాత నేత చీరలు కలిపి కుట్టిన బొంత పట్టుకెళ్లాను. కుర్చీలో దాన్ని నడుం దాకా కప్పుకుని, ఒళ్లో సంచి పెట్టుకుంటే 15 డిగ్రీల గదిలో రెండు మూడు గంటలు హాయిగా చదువుకోగలిగాను.

అయితే ఇదే సలహా ఉన్నవాళ్ల నోట పేదవాళ్లకు వినబడితే నాకు కోపం వస్తుంది. 1991లో పరిశోధకురాలు బ్రెండా బోర్డ్‌మన్ ఒక హద్దు గీశారు. ఇంటిని తగినంత వెచ్చగా ఉంచుకోవడానికి ఆదాయంలో పదో వంతు దాటి ఖర్చు చేయాల్సి వస్తే ఆ కుటుంబం ఇంధన పేదరికంలో ఉన్నట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇంటి లోపల కనీసం 18 డిగ్రీలుండాలని చెప్పింది. పసిబిడ్డకు, ముసలివారికి, ఉబ్బసం రోగికి బొంత కప్పి 15 డిగ్రీల్లో ఉండమనడం సలహా కాదు. పైగా బొంత మనిషిని కాపాడుతుందే కాని గోడను కాపాడదు. చల్లటి గోడకు మన ఊపిరి తగిలి నీరవుతుంది, ఆ నీటిలో బూజు పుడుతుంది. 2020 డిసెంబరులో ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్ పట్టణంలో బూజు పట్టిన ఫ్లాట్‌లో రెండేళ్ల బాబు చనిపోయాడు. దీర్ఘకాలం ఆ బూజు మధ్య ఉండటమే కారణమని 2022 నవంబరులో విచారణ తేల్చింది. ఆ బాబు పేరుతో, తేమ, బూజు ఫిర్యాదులకు గడువులు పెట్టే నిబంధన 2023 చట్టంలోకి ఎక్కింది. అది స్థానిక ప్రభుత్వాలు, గృహ సంఘాలు చవక అద్దెకిచ్చే సామాజిక గృహాలకు. మేమున్నటువంటి ప్రైవేటు అద్దె ఇల్లు అప్పుడు దాని పరిధిలోకి రాలేదు.

జనవరిలో మేం అయిదుగురం కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చాం. తలుపుల కింద పాత తువ్వాళ్లు చుట్టి పెట్టాం. బట్టలు గదుల్లో ఆరేయడం మానేసి లాండ్రీకి పట్టుకెళ్లాం. సాయంత్రం రెండు గంటలు వంటింటి పక్క గదిలో మాత్రమే హీటింగ్, అందరి భోజనం, చదువు అక్కడే. పడుకునేటప్పుడు ఒక్కొక్కరికీ ఒక సంచి. మీటరు అంకెను రోజూ రాత్రి గోడ క్యాలెండర్‌లో ఆనాటి గడిలో రాసేవాళ్లం. తగువులు ఆగాయి, కార్డు మీద పది పౌండ్లు ఇంకాస్త ఎక్కువ రోజులు వచ్చాయి. కిటికీ మూలన బూజు మాత్రం, ఎన్నిసార్లు తుడిచినా, వారం తిరిగేసరికి మళ్లీ అక్కడే ఉండేది.