బొంత ముందు రెండు ప్రశ్నలు

ప్రియమైన పిల్లలూ,

అమెరికాలోని హ్యూస్టన్‌లో ఏటా శరదృతువులో అంతర్జాతీయ క్విల్ట్ ఉత్సవం జరుగుతుంది. ఈసారి నేనూ వెళ్లి చూశాను. క్విల్ట్ మన బొంతకు దగ్గరి చుట్టమే. పైన రంగురంగుల ముక్కలు అతికిన గుడ్డ, అడుగున అస్తరు, మధ్యలో దూది పొర. మూడూ కదలకుండా అంతటా కుట్లు వేస్తారు.

అక్కడ అవి మంచాల మీద ఉండవు, నిలువెత్తున వేలాడుతుంటాయి. ముట్టుకోకూడదు. తెల్లటి చేతి తొడుగులు వేసుకున్న కార్యకర్తలను అడిగితే అంచు పట్టుకుని వెనక వైపు తిప్పి చూపిస్తారు. మీరెప్పుడైనా వెళితే తప్పకుండా అడగండి. కుట్టు ఎంత సమంగా పడిందో వెనక చూస్తేనే తెలుస్తుంది.

లెక్క తప్పని నక్షత్రాలు, చదరాలు కొన్ని. గుడ్డతో చేసిన చిత్తరువులు మరికొన్ని. చూస్తూ పోతే కాసేపటికి అన్నీ కలిసిపోతాయి. అందుకే నేను ఒక్కోదాని ముందు నిలబడి రెండు ప్రశ్నలు వేసుకున్నాను: కుట్టినవారి చేతికి ఏ గుడ్డ దొరికింది? వారి మనసును ఏది పట్టుకుంది?

ఈ రెండో ప్రశ్నకు ఎలాంటి జవాబులు రాగలవో చెప్పడానికి మ్యూజియాల్లో ఉన్న పాత క్విల్ట్‌ల కథలే మంచివి. అయోవా రాష్ట్రంలో ఎలెన్ హార్డింగ్ బేకర్ అనే ఆవిడ ఉన్ని గుడ్డ మీద సౌరకుటుంబాన్ని కుట్టింది. నడుమ సూర్యుడు, చుట్టూ గ్రహాల కక్ష్యలు, ఒక మూల పెద్ద తోకచుక్క. దాని మీద 1876 అని దారంతో కుట్టి ఉంది. ఖగోళశాస్త్రం మీద ఉపన్యాసాలు ఇచ్చేటప్పుడు ఆవిడ దాన్నే అందరికీ కనిపించేలా వేలాడదీసేది. ఆడవాళ్లకు కాలేజీ తలుపులు సరిగా తెరుచుకోని రోజుల్లో ఆవిడ తన పాఠ్యపటాన్ని తానే కుట్టుకుంది! నాకు ఎంతో ఇష్టమైన క్విల్ట్ ఇది.

ఇంకొకరు హారియట్ పవర్స్. 1837లో జార్జియా రాష్ట్రంలో బానిసగా పుట్టింది. గుడ్డను మనుషుల, జంతువుల, చుక్కల ఆకారాల్లో కత్తిరించి, పైన అతికి కుట్టి కథలు చెప్పేది. బోస్టన్ మ్యూజియంలో ఉన్న ఆమె క్విల్ట్‌లో పదిహేను గళ్లు ఉన్నాయి. కొన్నింటిలో బైబిలు కథలు ఉంటే, ఒక గడిలో చుక్కలు రాలిన రాత్రి ఉంది. 1833 నవంబరులో అమెరికా ఆకాశమంతా ఉల్కలు కురిశాయి. ప్రళయం వచ్చిందని జనం భయపడ్డారు. అప్పటికి హారియట్ పుట్టనే లేదు. పెద్దలు చెప్పుకోగా విన్నదాన్ని అరవై ఏళ్ల తర్వాత గుడ్డ మీదికి తెచ్చింది.

ఆమె అంతకుముందు కుట్టిన బైబిలు క్విల్ట్‌ను 1886లో ఒక పత్తి సంతలో ప్రదర్శించారు. జెన్నీ స్మిత్ అనే చిత్రలేఖనం టీచరు కొంటానంటే హారియట్ ఒప్పుకోలేదు. కొన్నేళ్లకు ఇంట్లో ఇబ్బంది వచ్చి తానే అమ్మకానికి తెచ్చింది. పది డాలర్లు అడిగితే దక్కినవి ఐదు. ఇచ్చేముందు ఒక్కో బొమ్మ కథా విడమరిచి చెప్పింది. జెన్నీ అవన్నీ రాసిపెట్టుకోవడం వల్లే ఈ రోజు మనకు వాటి అర్థం తెలుస్తోంది. తర్వాత కూడా హారియట్ ఆ క్విల్ట్‌ను చూసుకోవడానికి చాలాసార్లు వెళ్లిందట. కన్నబిడ్డను అత్తారింటికి పంపిన తల్లిలాగా.

ఇక మొదటి ప్రశ్న. అలబామా నది వంపులో గీస్ బెండ్ అనే ఊరుంది. ఒకప్పుడు పత్తి తోటల్లో బానిసలుగా ఉన్నవారి సంతతి అక్కడ నివసిస్తోంది. చలికి కప్పుకోవడానికి అక్కడి ఆడవాళ్లు చిరిగిన పని బట్టలతో క్విల్ట్‌లు కుట్టేవారు. 1942లో మిసౌరీ పెట్‌వే చనిపోయిన భర్త పని బట్టలను విప్పి క్విల్ట్ కుట్టుకుంది. ఆయన జ్ఞాపకంగా దాన్ని కప్పుకుని పడుకోవాలని ఆమె కోరిక. అరిగిపోయిన మోకాలి గుడ్డ, వెలిసిన నీలం, జేబు ఊడదీసిన చోట మిగిలిన ముదురు రంగు: ఆ ఊరి క్విల్ట్‌లలో అందమంతా వీటిదే. 2002లో ఈ హ్యూస్టన్ నగరంలోనే, లలితకళల మ్యూజియంలో, గీస్ బెండ్ క్విల్ట్‌లను గోడలకు తగిలించి చూపించారు. 2006లో అవి అమెరికా తపాలా బిళ్లల మీదికి ఎక్కాయి.

మన దగ్గరా పాత నేత చీరలను పొరలు పొరలుగా పరిచి బొంతలు కుట్టినవాళ్లు ఎందరో. వాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదని నాకు బాధగా ఉంటుంది. మీ ఇంట్లో బొంత ఉంటే ఏ ముక్క ఎవరి చీరదో పెద్దవాళ్లు గుర్తుపట్టగలిగినప్పుడే అడిగి రాసుకోండి.

కుట్టాలనిపిస్తే తొమ్మిది ముక్కలతో మొదలుపెట్టండి. ముదురువి ఐదు, లేతవి నాలుగు, అన్నీ ఒకే కొలత చదరాలు. వరుసకు మూడు చొప్పున, ముదురు పక్కన లేత వచ్చేలా పేర్చండి. ముందు వరుసలు కుట్టి, తర్వాత వరుసలను కలపండి. నూలు గుడ్డే తీసుకోండి, పట్టు జారిపోతుంది. పూర్తయ్యాక వెనక వైపు కూడా ఫొటో తీసి పంపండి.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ