గిబ్సన్ సగటుకు తూకం రాయి ఏది?

2024 మే నెలాఖరులో అమెరికాలోని మేజర్ లీగ్ బేస్‌బాల్ తన రికార్డుల పట్టికను సవరించింది. జీవితకాల బ్యాటింగ్ సగటులో (బేస్‌బాల్‌లో ఇది పరుగుల లెక్క కాదు, బ్యాటింగ్ అవకాశాల్లో ఎన్నోవంతు హిట్లుగా మారాయన్న నిష్పత్తి) దశాబ్దాలుగా అగ్రస్థానంలో ఉన్న టై కాబ్ (0.367) ఒక మెట్టు దిగాడు. ఆ చోటుకు 0.372తో జోష్ గిబ్సన్ వచ్చాడు. నల్లజాతి వారిని మేజర్ లీగుల గడప తొక్కనివ్వని కాలంలో, నల్లజాతి వారి కోసమే నడిచిన నీగ్రో లీగుల్లో ఆడిన క్యాచర్ (క్రికెట్‌లో వికెట్ కీపర్ లాంటివాడు) ఆయన. వెంటనే చర్చ రాజుకుంది. ఆ లీగుల స్థాయి ఎంత? అక్కడి హిట్లనూ ఇక్కడి హిట్లనూ ఒకే గాటన కట్టవచ్చా?

అడగవలసిన ప్రశ్నే. కాకపోతే దీన్ని ఇంతకుముందు అందరినీ ఇంత గట్టిగా అడగలేదు.

1884 సంగతి చూడండి. హెన్రీ లూకస్ అనే సంపన్నుడు యూనియన్ అసోసియేషన్ పేరుతో కొత్త లీగు పెట్టి, అందులో సెయింట్ లూయిస్ మరూన్స్ జట్టును తానే ఉంచుకున్నాడు. మంచి ఆటగాళ్లను తన జట్టుకే చేర్చుకున్నాడు. ఫలితం: 94 గెలుపులు, 19 ఓటములు. కొన్ని జట్లు సీజన్ మధ్యలోనే మూతపడ్డాయి. చివర్లో వచ్చి చేరిన సెయింట్ పాల్ జట్టయితే సొంత ఊళ్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఇలాంటి లీగులో మరూన్స్ ఆటగాడు ఫ్రెడ్ డన్‌లప్ 0.412 సగటు సాధించాడు. మరుసటి ఏడాది లీగు లేదు. మరూన్స్ నేషనల్ లీగులో చేరి, 36 గెలిచి 72 ఓడి, ఎనిమిది జట్లలో అట్టడుగున నిలిచింది. డన్‌లప్ సగటు 0.270కి పడిపోయింది.

మనిషి అతనే, బ్యాటూ అదే. మారింది ఎదుటివారు. రంజీ ట్రోఫీ ప్లేట్ గ్రూపులో కొట్టిన డబుల్ సెంచరీని ఎలైట్ గ్రూపు సెంచరీ పక్కన పెట్టి చూసేవారికి ఈ చిక్కు కొత్త కాదు. తలుపులు మూసుకుని తనలో తానే ఆడుకునే లీగులో ఒకరి గెలుపు మరొకరి ఓటమి కనుక, మొత్తం లెక్క ఎప్పుడూ సగానికి సగమే తేలుతుంది. లీగు బలమైనదైనా, నాసిరకమైనా పాయింట్ల పట్టిక ఒకేలా కనిపిస్తుంది. అటు నుంచి ఇటు ఎవరైనా దాటినప్పుడే అసలు బరువు తెలుస్తుంది.

1901లో అమెరికన్ లీగు పుట్టినప్పుడూ ఇదే కథ. 1876 నుంచి ఉన్న నేషనల్ లీగుకు పోటీగా బాన్ జాన్సన్ దీన్ని మేజర్ లీగుగా ప్రకటించి, ఎక్కువ జీతాలతో ఆటగాళ్లను లాక్కున్నాడు. అలా వచ్చిన నాప్ లాజవే తొలి సీజన్‌లోనే 0.426 సగటు సాధించాడు. కొత్త లీగు పిచింగ్ (బంతులు విసరడం) అంతంతమాత్రమని అనుకోవచ్చు, అందులో కొంత నిజం ఉండవచ్చు కూడా. అయితే ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఫౌల్ బంతిని (హద్దు గీతలకు బయట పడేలా కొట్టినదాన్ని) స్ట్రైక్‌గా (మూడు పడితే బ్యాటర్ అవుట్) లెక్కించే నియమాన్ని నేషనల్ లీగు 1901లోనే తెచ్చింది, అమెరికన్ లీగు 1903 దాకా తేలేదు. అంటే అప్పటివరకు లాజవే ఎన్ని ఫౌల్ బంతులు కొట్టినా అవి అతని లెక్కలో స్ట్రైకులుగా పడేవి కావు. లీగు బలాన్ని కొలవబోయి నియమాల తేడాను కొలిచే ప్రమాదం ఆనాడే మొదలైంది.

1903లో రెండు లీగులూ రాజీపడ్డాయి. ఆ ఏడాదే రెండు లీగుల విజేతల మధ్య జరిగిన తొలి వరల్డ్ సిరీస్‌లో అమెరికన్ లీగుకు చెందిన బోస్టన్, పిట్స్‌బర్గ్‌ను 5-3తో ఓడించింది. మరుసటి ఏడాది నేషనల్ లీగు విజేత న్యూయార్క్ జెయింట్స్ అసలు ఆడనే లేదు. తక్కువ స్థాయి లీగుతో తమకు ఆటేమిటని యజమాని జాన్ బ్రష్, మేనేజర్ జాన్ మెక్‌గ్రా తేల్చేశారు. బలం తేల్చే పోటీని, తామే బలవంతులమంటూ తప్పించుకున్నారన్నమాట. 1905 నుంచి సిరీస్ మళ్లీ గాడిన పడింది.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చూస్తే తెలుస్తుందంటారు. లీగుల విషయంలో ఆ లెక్క పనికిరాదు. 1949 నుంచి 1953 వరకు వరుసగా ఐదు వరల్డ్ సిరీస్‌లు అమెరికన్ లీగు జట్టు న్యూయార్క్ యాంకీస్ గెలిచింది. ఆ ఒక్క మెతుకు చూస్తే అమెరికన్ లీగుకు తిరుగులేదు. కానీ కుండలో మిగతా అన్నం సంగతి వేరు.

1947 ఏప్రిల్ 15న నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ నేషనల్ లీగు జట్టు బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున మైదానంలోకి దిగాడు, మూసిన గడప తెరుచుకుంది. జులైలో మరో నల్లజాతి ఆటగాడు లారీ డోబీ క్లీవ్‌లాండ్ తరఫున అమెరికన్ లీగులో అడుగుపెట్టాడు. ఆ తరువాత మాత్రం రెండు లీగుల నడక వేరైంది. నల్లజాతి ఆటగాళ్లను తీసుకోవడంలో నేషనల్ లీగు ముందుకు పోయింది, అమెరికన్ లీగు కాళ్లీడ్చింది. యాంకీస్ 1955 దాకా, బోస్టన్ రెడ్ సాక్స్ 1959 దాకా ఆగాయి. 1949 నుంచి 1959 వరకు నేషనల్ లీగులో ఇచ్చిన పదకొండు అత్యుత్తమ ఆటగాడి పురస్కారాల్లో తొమ్మిది నల్లజాతి వారికే దక్కాయి. అమెరికన్ లీగులో అలాంటి తొలి పురస్కారం 1963లో గానీ రాలేదు. ఆ 1963 నుంచి 1982 వరకు రెండు లీగుల మేటి ఆటగాళ్ల మధ్య జరిగిన ఇరవై ఆల్ స్టార్ మ్యాచ్‌లలో నేషనల్ లీగు గెలిచినవి పంతొమ్మిది. ఆల్ స్టార్ ఏడాదికి ఒక్క రోజు వినోదమే అయినా, ఇరవైలో పంతొమ్మిదిని అదృష్టమని కొట్టిపారేయలేం.

సీజన్‌లోనే రెండు లీగుల జట్లు ఎదురుపడటం 1997లో మొదలైంది. ఆ తరువాత గాలి మళ్లింది. 2006లో ఈ మ్యాచ్‌లలో అమెరికన్ లీగు 154 గెలిచి 98 ఓడింది. అంత స్పష్టమైన తేడా ఉన్న ఏడాదిలోనే, సీజన్‌లో 83 మ్యాచ్‌లు మాత్రమే గెలిచిన నేషనల్ లీగు జట్టు సెయింట్ లూయిస్ కార్డినల్స్, 95 గెలిచిన డెట్రాయిట్‌ను 4-1తో ఓడించి వరల్డ్ సిరీస్ ఎగరేసుకుపోయింది. మెతుకు మళ్లీ మోసం చేసింది.

ఇక అసలు పేచీకి వద్దాం. ఏ పాత లీగులు ‘మేజర్’ అన్నది తేల్చడానికి 1969లో ఒక సంఘం కూర్చుంది. ఆరు లీగులకు ముద్ర వేసింది. వాటిలో డన్‌లప్ ఆడిన యూనియన్ అసోసియేషన్ ఉంది. నీగ్రో లీగుల ప్రస్తావనే రాలేదు. 1920-1948 మధ్య నడిచిన ఏడు నీగ్రో లీగులకు గుర్తింపు వచ్చేసరికి 2020 డిసెంబరు అయింది. వాటి సీజన్లు పొట్టివన్న ఆక్షేపణ ఉంది, అది నిజం కూడా. అయితే కోవిడ్ వల్ల అదే 2020లో మేజర్ లీగులు జట్టుకు 60 మ్యాచ్‌లతో సరిపెట్టి, ఆ అంకెలన్నీ పుస్తకంలో రాసుకున్నాయి.

స్థాయి సంగతంటారా, ఇందాకటి తొమ్మిది పురస్కారాల వైపు మళ్లీ చూడండి. అవి అందుకున్నది ఆరుగురు: రాబిన్సన్, రాయ్ క్యాంపనెల్లా, విల్లీ మేస్, డాన్ న్యూకోంబ్, హ్యాంక్ ఆరన్, ఎర్నీ బ్యాంక్స్. ఆరుగురూ నీగ్రో లీగు జట్లలో ఆడి వచ్చినవారే. డన్‌లప్ గీత దాటి కుంగిపోయాడు, వీళ్లు దాటి కొత్త లీగునే ఏలారు.

గిబ్సన్‌కు మాత్రం ఆ దాటే అవకాశం రాలేదు. ఆయన 1947 జనవరి 20న, 35 ఏళ్ల వయసులో పిట్స్‌బర్గ్‌లో చనిపోయాడు. రాబిన్సన్ బ్రూక్లిన్ మైదానంలోకి దిగడానికి అప్పటికి ఇంకా మూడు నెలలు ఉంది.