పలచటి గీత కూడా గీతే

గర్భం ఉందో లేదో చూసుకునే కిట్ మీద ‘సి’ దగ్గర ముదురు గీత. ‘టి’ దగ్గర కనపడీ కనపడనట్టు ఇంకొకటి. కావలిలోనో కనిగిరిలోనో మందుల షాపులో కిట్ కొనుక్కొచ్చుకున్నవాళ్ళు ఎక్కువగా తికమక పడేది ఇక్కడే. “ఈ గీత లెక్కలోకి వస్తాదా అక్కా?” అని ఆశా కార్యకర్తను అడిగేదీ దీని గురించే. వస్తుంది. కిట్ మీద రాసిన గడువులోపల, రంగుతో పడితే, ఎంత పలచగా ఉన్నా దాన్ని గర్భం కిందే లెక్కేయాలి.

పిండం గర్భసంచి గోడకు అతుక్కున్నాకే హెచ్‌సీజీ అనే హార్మోన్ తల్లి రక్తంలోకి, అక్కణ్ణించి మూత్రంలోకి చేరుతుంది. అండం విడుదలైన 6 నుంచి 12 రోజుల మధ్య ఈ అతుక్కోవడం జరుగుతుంది. తొలి వారాల్లో ఆ హార్మోన్ రెండు మూడు రోజులకోసారి దాదాపు రెట్టింపవుతుంది. చాలా కిట్లు మిల్లీలీటరు మూత్రంలో 25 మిల్లీ యూనిట్లుంటే పట్టుకుంటాయి. అందుకే ఇవాళ పడని గీత నాలుగు రోజులాగితే పడొచ్చు. ‘లేదు’ అని వచ్చినా నెల రాకపోతే, కొన్ని రోజులాగి మళ్ళీ చూడాలి.

కిట్ గుంటలో వేసిన మూత్రపు చుక్కలు పట్టీ వెంట పాకుతూ, అక్కడ ఆరబెట్టి ఉంచిన అతి సన్నటి బంగారు రేణువులను వెంట తీసుకుపోతాయి. చాలా కిట్లలో మనకు కనిపించే ఆ గులాబీ రంగు బంగారానిదే. రేణువులకు అంటించిన యాంటీబాడీలు, అంటే ఒక పదార్థాన్ని గుర్తుపట్టి అతుక్కునే ప్రోటీన్లు, హెచ్‌సీజీని పట్టుకుంటాయి. ‘టి’ దగ్గర కాపు కాసే మరో రకం యాంటీబాడీలు ఆ జంటను ఆపేస్తాయి, అదే మనకు గీతగా కనిపిస్తుంది. ‘సి’ గీతకు హార్మోన్‌తో పని లేదు, అది పడకపోతే కిట్ చెడిపోయినట్టే. 1928 ప్రాంతంలో బెర్లిన్‌లో ఆష్‌హైమ్, జోండెక్ అనే వైద్యులు ఇదే సంగతి తేల్చడానికి ఆడ చిట్టెలుకలకు మూత్రం ఎక్కించి, తర్వాత వాటిని కోసి అండాశయాలు చూసేవాళ్ళు. ఇప్పుడు ఆ జవాబు ఐదు నిమిషాల్లో మన చేతిలో ఉంటోంది.

గడువు దాటాక చూస్తే మాత్రం మోసపోతాం. పట్టీ ఆరిపోయాక రంగు లేని బూడిద చార ఒకటి తేలుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. ఎండాకాలం ఒంగోలు వేడికి నీళ్ళూ మజ్జిగా బాగా తాగాక చూసుకుంటే మూత్రం పలచబడి, ఉన్న గర్భం కూడా కనపడకపోవచ్చు. తెల్లవారుజామున మొదటిసారి వెళ్ళినప్పుడు చూసుకోవడం మేలు. కిట్లు 30 డిగ్రీలు దాటని చోట ఉండాలి. మే నెలలో రేకుల ఇంట్లోనో బండి డిక్కీలోనో దాచిన కిట్‌ను నేనైతే నమ్మను.

గీత ముదిరితే బిడ్డ బలంగా ఉన్నట్టని కొందరంటారు. అది నిజం కాదు, తాగిన నీళ్ళను బట్టి కూడా గీత ముదురు మారుతుంది. సంతానం కోసం హెచ్‌సీజీ ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళకు దాదాపు రెండు వారాలు, గర్భం పోయినవాళ్ళకు కొన్ని వారాలు గీత పడుతూనే ఉండొచ్చు.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది వేరే ఉంది. రెండు గీతలు గర్భం ఉందని చెబుతాయే తప్ప ఎక్కడుందో చెప్పవు. పిండం గర్భసంచిలో కాక, అండాశయం నుంచి గర్భసంచికి వచ్చే గర్భనాళంలో ఇరుక్కున్నా గీత అలాగే పడుతుంది. ఆ నాళం పగిలితే లోపలే రక్తస్రావమై ప్రాణం మీదికొస్తుంది. గీత పడ్డాక పొత్తికడుపులో ఒక పక్క నొప్పి, రక్తపు మరకలు, కళ్ళు తిరగడం, భుజం కొనలో నొప్పి, వీటిలో ఏది కనిపించినా తెల్లారాక చూద్దామనుకోకుండా ఆ క్షణమే ఆస్పత్రికి బయల్దేరాలి. బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయాలి.