గుండె నాళం సింకు పైపు కాదు

"మా నాన్నగారికి ఒక నాళంలో 80 శాతం బ్లాక్ ఉందట. ఒక డాక్టరు స్టెంట్ వేద్దామన్నారు. ఇంకో డాక్టరు, నొప్పి పెద్దగా లేదు కదా, ముందు మందులతో చూద్దామన్నారు. ఎవరి మాట వినాలి?" అని ఒక పాఠకుడు రాశారు. ఈ టెన్షన్ చాలా ఇళ్లలో ఉంది. (స్టెంట్ అంటే నాళాన్ని తెరిచి ఉంచడానికి లోపల పెట్టే చిన్న జాలి గొట్టం.)

చిక్కంతా మన మనసులో ఉన్న పైపు బొమ్మతోనే. పాఠాల్లో కూడా గుండె నాళాన్ని సింకు కింది పైపులాగే చెబుతాం: లోపల జిడ్డు పేరుకుంటుంది, పూర్తిగా పూడిన రోజు గుండెపోటు. అందుకే 80 అనగానే ఇక మిగిలింది 20 శాతమే అని హడలిపోతాం. అల్లం, వెల్లుల్లి, నిమ్మరసం కాచి తాగితే బ్లాకులు కరుగుతాయన్న వాట్సాప్ వైద్యాన్ని నమ్మేదీ ఈ బొమ్మ వల్లే. జిడ్డే అయితే ఏదో ఒకటి పోసి కరిగించవచ్చు అనిపిస్తుంది మరి.

నిజానికి ఆ కొవ్వు ఉండేది నాళం గోడ లోపల. చర్మం కింద ఉబ్బిన కురుపును తలుచుకోండి. లోపల కొవ్వు, చచ్చిన కణాలు. పైన పీచులాంటి పొర. ప్రమాదకరమైన కురుపుల్లో ఆ పొర మందం 65 మైక్రాన్లు కూడా ఉండదు, అంటే దాదాపు తలవెంట్రుకంత. వాపు వల్ల అక్కడ చేరిన తెల్ల రక్తకణాలు వదిలే ఎంజైములు ఆ పొరలోని కొల్లాజెన్‌ను కొరికేస్తుంటాయి. ఒకరోజు అది చిట్లుతుంది. లోపలి సరుకు రక్తానికి తగలగానే ప్లేట్‌లెట్లు గుమిగూడి, నిమిషాల్లో రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. చిట్లే కురుపు పెద్దదే కానక్కర్లేదు. నాళాన్ని సగం కూడా మూయనిది, నిన్నటిదాకా చిన్న నొప్పి కూడా తెలియనివ్వనిది కావచ్చు.

గుండెపోటు వచ్చేస్తే మాత్రం తర్జనభర్జనలు వద్దు. వెంటనే నాళం తెరిపించాలి, అక్కడ స్టెంట్ ప్రాణం నిలుపుతుంది. కానీ నిలకడగా ఉన్న జబ్బులో స్టెంట్ ఒక్క కురుపునే గోడకు అదిమిపెడుతుంది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర అన్ని నాళాల్లోని కురుపుల పొరనూ గట్టిపరుస్తుంది.

2020లో అచ్చయిన ఇస్కీమియా అధ్యయనంలో మన దేశంతో కలిపి 37 దేశాల నుంచి, ఇలా నిలకడగా జబ్బు ఉన్న 5,179 మంది ఉన్నారు. ముందే యాంజియో (నాళాల్లోకి రంగు మందు పంపి తీసే ఎక్స్‌రే) చేసి స్టెంట్ గానీ బైపాస్ గానీ చేసినవాళ్లలో 145 మరణాలు, మందులతో మొదలుపెట్టినవాళ్లలో 144. తరచూ నొప్పి వచ్చేవాళ్లకు మాత్రం మొదటి పద్ధతిలోనే ఎక్కువ ఉపశమనం దొరికింది. ఎడమ ప్రధాన నాళంలో (గుండె ఎడమ వైపుకు రక్తం పంచే మొదటి నాళం) పెద్ద బ్లాక్ ఉన్నవాళ్లను, గుండె బాగా బలహీనపడినవాళ్లను ఇందులో చేర్చుకోలేదు.

ఆ ఉపశమనంలో నమ్మకం పాలెంత? బ్రిటన్‌లో జరిగి, 2017లో అచ్చయిన ఆర్బిటా ప్రయోగం నాకు చాలా ఇష్టం. 200 మందికీ మత్తిచ్చి, చెవులకు పాటలు పెట్టారు. సగం మందికి స్టెంట్ వేశారు. మిగతావాళ్లను కనీసం పావుగంట బల్ల మీద అలాగే ఉంచి, ఏమీ చేయకుండా పంపారు. ఎవరికి ఏది జరిగిందో వాళ్లకు తెలియదు. అందరూ మందులు బాగానే వాడుతున్నారు. ఆరు వారాల తర్వాత ట్రెడ్‌మిల్ మీద ఎంతసేపు నడవగలరో చూస్తే, మెరుగుదలలో రెండు గుంపులకూ మధ్య తేడా 16.6 సెకన్లు, లెక్కకు నిలవనంత చిన్నది. 2023లో అచ్చయిన రెండో ప్రయోగంలో, వేరేవాళ్లకు నొప్పి మందులు ఆపి చూస్తే స్టెంట్ నిజంగానే నొప్పి తగ్గించింది.

బైపాస్ పని వేరు. ఊళ్లో రోడ్డు ఎక్కడెక్కడ పాడైనా బయటి నుంచే దాటించే బైపాస్ రోడ్డులాగే, కొత్త నాళాన్ని బ్లాకులన్నిటికీ దిగువన కుడతారు. రేపు ఎగువన మరో కురుపు చిట్లినా రక్తం వేరే దారిలో అందుతుంది. అందుకే షుగర్ ఉండి, రెండు మూడు నాళాలు దెబ్బతిన్నవాళ్లలో బైపాస్‌దే పైచేయి. 2012 నాటి ఫ్రీడమ్ అధ్యయనంలో అయిదేళ్లలో మరణాలు స్టెంట్ల వైపు 16.3 శాతం, బైపాస్ వైపు 10.9. పక్షవాతం మాత్రం బైపాస్ వైపే ఎక్కువ.

ఇక ఉత్తరం రాసినవారికి: శాతం చెప్పారు గానీ, బ్లాక్ ఏ నాళంలో ఉందో, నాన్నగారికి షుగర్ ఉందో లేదో రాయలేదు. అది ఎడమ ప్రధాన నాళం కాకపోతే, గుండె బలంగానే ఉంటే, నొప్పి మందులకు లొంగుతుంటే, నేను రెండో డాక్టరు వైపే ఉంటాను.